స్కోనెను చదివే పద్ధతి: నేల, ఏలిక, డాలు మీది గ్రిఫిన్ తల

జాతీయ రహదారి 44 మీద జడ్చర్ల, కొత్తకోట, పెబ్బేరు దాటి సాగిపోయే స్కానియా బస్సులు పాలమూరు వాసులకు కొత్తవి కావు. ఆ కంపెనీ గుర్తును దగ్గరగా చూస్తే వంకర ముక్కు, నిక్కబొడుచుకున్న చెవి, నెత్తిన కిరీటం ఉన్న గ్రిఫిన్ అనే కల్పిత జీవి తల కనిపిస్తుంది. అది వాహనాల కంపెనీ కోసం ఎవరో కొత్తగా ఊహించి గీసిన బొమ్మ కాదు. స్వీడన్ దేశపు దక్షిణ కొసన ఉన్న స్కోనె అనే చారిత్రక ప్రాంతపు లాంఛనం నుంచి, అంటే డాలు ఆకారంలో గీసే అధికార గుర్తు నుంచి వచ్చింది. 1900లో ఆ ప్రాంతంలోని మాల్మో నగరంలో మొదలైన కంపెనీ ప్రాంతపు లాటిన్ పేరునే తన పేరుగా పెట్టుకుంది. డాలు మీది తల తరువాతి కాలంలో దాని గుర్తు అయింది.

ఉన్నత పాఠశాలల్లో సాంఘిక శాస్త్రం చెప్పే ఉపాధ్యాయులూ, డిగ్రీలో చరిత్ర చదివే విద్యార్థులూ ఒక విదేశీ ప్రాంతాన్ని సొంతంగా చదివి, పటంతోనూ లాంఛనంతోనూ కూడిన పరిచయ పత్రాన్ని ఎలా తయారు చేసుకోవచ్చో ఇక్కడ వివరిస్తున్నాను. స్కోనెనే ఎంచుకోవడానికి బలమైన కారణం ఉంది. అక్కడి నేల, అక్కడ మారిన ఏలికలు, అక్కడి లాంఛనం వేర్వేరు దారుల్లో వచ్చి ఒకచోట కలిశాయి. ఇలాంటి పరిచయాల్లో చాలామంది వాటిని ఒకదానిలోంచి ఒకటి పుట్టినట్టు కథగా అల్లేస్తారు. అక్కడే వ్యాసం దారి తప్పుతుంది. మూడింటినీ విడివిడిగా రాబట్టుకొని, ఆ తరువాత మాత్రమే కలిపి చూడాలి.

ప్రాంతం వేరు, పరిపాలనా విభాగం వేరు

కలం పట్టకముందే తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటుంది: మనం రాయబోయేది ఏ స్కోనె గురించి? స్వీడన్‌లో లాండ్‌స్కాప్ అని పిలిచే చారిత్రక ప్రాంతాలు 25 ఉన్నాయి. దక్షిణాన యోతాలాండ్‌లో 10, నడుమ స్వేలాండ్‌లో 6, ఉత్తరాన నోర్లాండ్‌లో 9. 1634లో స్వీడన్ రాజ్యం లేన్ అనే పరిపాలనా విభాగాలను స్థిరపరచిన నాటి నుంచి లాండ్‌స్కాప్‌లకు పాలనలో పాత్ర లేకుండా పోయింది. నేడు లేన్‌లు 21. లాండ్‌స్కాప్‌కు అధికారి లేడు, కార్యాలయం లేదు, బడ్జెట్ లేదు. అయినా వాతావరణ వార్తల్లోనూ, మొక్కల గురించిన పుస్తకాల్లోనూ, మనుషులు తమ ఊరి గురించి చెప్పుకునే మాటల్లోనూ ఆ పేర్లే వినిపిస్తాయి.

ఈ తేడాను మన పిల్లలకు వివరించడానికి పాలమూరు కంటే మంచి ఉదాహరణ లేదు. 1890లో ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ పేరు మీద మహబూబ్‌నగర్ అయిన తరువాత కూడా పాలమూరు అనే పిలుపు పోలేదు. 2016 అక్టోబరు 11న ఉమ్మడి జిల్లా నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల జిల్లాలు ఏర్పడ్డాయి. 2019లో నారాయణపేట వేరుపడింది. షాద్‌నగర్ రంగారెడ్డి జిల్లాలోకి, కొడంగల్ వికారాబాద్ జిల్లాలోకి వెళ్లాయి. నల్లగొండ నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి జిల్లాలు వచ్చాయి. అయినా ఎత్తిపోతల పథకానికీ, విశ్వవిద్యాలయానికీ పాలమూరు పేరే ఉంది. ‘షాద్‌నగర్ ఇప్పుడు పాలమూరు కాదా?’ అని తరగతిలో అడిగితే పిల్లలు రెండు జట్లుగా విడిపోయి వాదిస్తారు. ఆ వాదన సాగుతున్నప్పుడే లాండ్‌స్కాప్ అంటే ఏమిటో వారికి అర్థమవుతుంది. పోలిక మాత్రం అక్కడితో ఆగాలి. పాలమూరు హద్దులను ఎవరూ గీసి ఖాయం చేయలేదు. లాండ్‌స్కాప్‌ల హద్దులు పటాల మీద అచ్చయి ఉంటాయి, ప్రతి లాండ్‌స్కాప్‌కూ గుర్తింపు పొందిన లాంఛనం ఉంటుంది.

స్కోనెలో జరిగింది మన దగ్గర జరిగినదానికి తిరగేసిన క్రమం. ఇక్కడ ఒక జిల్లా పలు జిల్లాలైంది. అక్కడ మాల్మోహూస్, క్రిస్టియన్‌స్టాడ్ అనే రెండు లేన్‌లు 1997 జనవరి 1న కలిసి స్కోనె లేన్ అయ్యాయి. కాబట్టి స్కోనె అన్నప్పుడు చారిత్రక ప్రాంతం ఒకటి, దాదాపు అవే హద్దులున్న లేన్ మరొకటి, వైద్యశాలలనూ బస్సులనూ రైళ్లనూ చూసుకునే ఎన్నికైన ప్రాంతీయ సంస్థ ఇంకొకటి ఉన్నాయని గుర్తుంచుకోవాలి. లేన్‌లో 33 మున్సిపాలిటీలు ఉన్నాయి. ఆ సంఖ్యను చారిత్రక ప్రాంతం కింద వేయకూడదు. పత్రం పైన ఒకే వాక్యంలో ‘ఇది చారిత్రక ప్రాంతమైన స్కోనె పరిచయం’ అని రాసిపెట్టుకుంటే తరువాత వచ్చే ప్రతి అంకెనూ ఆ వాక్యంతో సరిచూసుకోవచ్చు.

పేర్ల విషయంలో ఒక్క సూచన చాలు: స్వీడిష్‌లో A అనే అక్షరం నెత్తిన చిన్న సున్న ఉంటే దాన్ని తెలుగులో ఓకారంతో రాయాలి. స్కోనె, స్మోలాండ్ అలా వచ్చినవే. పత్రమంతటా ఒకే రూపం వాడాలి.

పటం గీయడం

అచ్చు పటాన్ని అతికించవద్దు, చేత్తో గీయండి. చేత్తో గీస్తేనే సముద్రం ఎంత దగ్గరో తెలుస్తుంది. కాగితం మీద ఒక చతురస్రాన్ని తేలికగా గీసి, దాని పడమర, దక్షిణ, తూర్పు వైపుల నీటిని చూపించాలి. పడమటి వైపు ఓరెసుండ్ జలసంధి, దాని అవతల డెన్మార్క్. హెల్సింగ్‌బోర్గ్ దగ్గర ఆ జలసంధి వెడల్పు సుమారు 4 కిలోమీటర్లే. దక్షిణాన, తూర్పున బాల్టిక్ సముద్రం. భూమి హద్దు ఉత్తరం వైపు మాత్రమే ఉంది: వాయవ్యంలో హాల్లాండ్, ఉత్తరాన స్మోలాండ్, ఈశాన్యంలో బ్లెకింగె. దక్షిణ తీరంలో స్మీగెహూక్ అనే చోటు స్వీడన్ మొత్తానికి దక్షిణ కొస. అయినా అది 55 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాటే ఉంది.

ఆ తరువాత వాయవ్యం నుంచి ఆగ్నేయానికి ఒక ఏటవాలు గీత గీయాలి. స్కోనె భౌగోళికంలో అసలు సంగతి ఈ గీతే. గీతకు నైరుతి వైపున సుద్ద, సున్నపురాయి పొరల మీద పరచుకున్న మెత్తని బంకమట్టి మైదానం ఉంది. స్వీడన్‌లో ఎంతో సారవంతమైన భూములు అవి. ఈశాన్యం వైపున మన నల్లగొండ గుట్టలకు చుట్టమనిపించే పాత గట్టి రాయి, పైన పలచని మట్టి, అడవి, చెరువులు. భూమి పొరలు చీలి కొన్ని ముక్కలు దిగబడగా, దిగబడకుండా నిలిచిపోయిన పొడవాటి ముక్కలు గుట్టల వరసలయ్యాయి. సోదెరోసెన్ అనేది వాటిలో పెద్దది, ఎత్తు 212 మీటర్లు; దానిలో కొంత భాగం 2001 నుంచి జాతీయ ఉద్యానం. రొమెలెయోసెన్, లిండెరోడ్సోసెన్ కూడా అదే దిశలో ఉంటాయి. వాయవ్య కొసన కుల్లాబెరి కొండ నేరుగా సముద్రంలోకి చొచ్చుకుపోతుంది. విద్యార్థి ఈ వరసలన్నీ ఒకే ఏటవాలులో ఉన్నాయని గమనించి గీస్తే పటం సరిగ్గా వచ్చినట్టే. ఒక్కదాన్ని అడ్డంగా గీసినా తిరిగి గీయించాలి.

విస్తీర్ణం సుమారు 11,000 చదరపు కిలోమీటర్లు; ఉమ్మడి నల్లగొండ జిల్లా దీనికంటే పెద్దది. జనాభా 14 లక్షల దాకా ఉంటుంది. మైదానంలో గోధుమ, బార్లీ, చక్కెర దుంప, ఆవజాతి నూనెగింజలు పండుతాయి. మాల్మో చుట్టుపక్కల ఏడాదికి పడే వాన పాలమూరు వాన కంటే మరీ ఎక్కువేమీ కాదు. అక్కడ పంట నిలబడడానికి కారణం వాన ఏడాది పొడుగునా పంచుకొని పడడం, చలి వల్ల నీరు త్వరగా ఆవిరి కాకపోవడం. ఈ ఒక్క వివరం మన రైతుబిడ్డలకు వెంటనే అందుతుంది, కాబట్టి పత్రంలో తప్పక ఉండాలి. జూన్‌లో పగలు 17 గంటల పైన సాగుతుంది, డిసెంబరులో 7 గంటలకు పడిపోతుంది. క్రిస్టియన్‌స్టాడ్ దగ్గర చెరువు నీటిని తోడి ఆరబెట్టిన నేల సముద్రమట్టానికి 2 మీటర్లకు పైగా కింద ఉంది, స్వీడన్‌లో అంతకంటే పల్లపు చోటు లేదు.

నైరుతి మూలన ఉన్న చిన్న ద్వీపకల్పాన్ని వదిలిపెట్టవద్దు. స్కానోర్, ఫాల్స్తెర్బో అనే ఆ రెండు ఊళ్ల తీరంలో మధ్యయుగాల్లో ఏటా హెర్రింగ్ చేపల సంత జరిగేది. జర్మనీలోని లూబెక్ నగర వర్తకులు ఉప్పు తెచ్చేవారు, ఉప్పువేసిన చేపల పీపాలు యూరప్ అంతటా పోయేవి. ఉపవాస దినాల్లో మాంసం ముట్టని క్రైస్తవ దేశాలకు ఆ చేప నిత్యావసరం. ఆ సంత మీద పన్ను, జలసంధిలో పోయే ఓడల మీద సుంకం: ఈ రెండూ తెలిస్తే రాజులు ఈ నేల కోసం ఎందుకు అంతగా కొట్లాడారో వేరే చెప్పనక్కరలేదు.

ఏలికల గీత

చరిత్రను రాజుల పట్టికగా రాయవద్దు. ఒక అడ్డగీత గీసి, దాని మీద ఏలిక మారిన ఏళ్లు మాత్రమే గుర్తించాలి. మధ్యయుగాల్లో స్కోనె డెన్మార్క్ రాజ్యంలో భాగం, అదీ మూలనున్న భాగం కాదు. 12వ శతాబ్ది ఆరంభంలో లుండ్ ఉత్తర దేశాలన్నిటికీ ఆర్చిబిషప్పు పీఠం అయింది. 1332లో స్కోనె స్వీడన్ రాజు మాగ్నుస్ ఎరిక్సన్ చేతికి వచ్చింది. 1360లో డెన్మార్క్ రాజు వాల్డెమార్ తిరిగి తీసుకున్నాడు. ఆ తరువాత దాదాపు 300 ఏళ్లు మార్పు లేదు.

1658 దగ్గర గీతను లావుగా దిద్దాలి. ఆ చలికాలం సముద్రం గడ్డకట్టగా స్వీడన్ రాజు పదవ కార్ల్ గుస్తావ్ సైన్యాన్ని మంచు మీదుగా డెన్మార్క్ దీవులకు నడిపించాడు. రోస్కిల్డె సంధిలో డెన్మార్క్ స్కోనెను, బ్లెకింగెను, హాల్లాండ్‌ను వదులుకుంది. బోర్న్‌హోల్మ్ దీవి కూడా పోయింది, కాని 1660 నాటి కోపెన్‌హేగన్ సంధితో వెనక్కి వచ్చింది. తిరిగి గెలుచుకోవడానికి డెన్మార్క్ రాజు ఐదవ క్రిస్టియన్ 1676లో స్కోనెలో దిగాడు. ఆ డిసెంబరులో లుండ్ దగ్గర జరిగిన యుద్ధంలో రెండు వైపులా భారీగా ప్రాణనష్టం జరిగింది. 1679 నాటి సంధితో హద్దులు పాతచోటే నిలిచాయి. చివరి ప్రయత్నం 1710లో; హెల్సింగ్‌బోర్గ్ దగ్గర మాగ్నుస్ స్తెన్‌బోక్ దాన్ని తిప్పికొట్టాడు.

సైన్యం గెలిచిన నేలను రాజ్యంలో కలుపుకోవడానికి స్వీడన్ వేరే దారులు కూడా పట్టింది. 1666లో లుండ్‌లో విశ్వవిద్యాలయం స్థాపించింది. 1680లలో చర్చి ఆరాధనలోకి స్వీడిష్ భాషను, న్యాయస్థానాల్లోకి స్వీడిష్ చట్టాన్ని తెచ్చింది. డెన్మార్క్ పక్షాన అడవుల్లో దాగి పోరాడిన స్నాప్‌హానర్ అనే దళాలను క్రూరంగా అణచివేసింది. వారు దోపిడీ ముఠాలా, తమ పాత రాజుకు నమ్మకంగా నిలిచినవారా అన్నది ఎవరు చెబుతున్నారన్నదాన్ని బట్టి మారుతుంది. పత్రంలో రెండు మాటలూ రాయాలి, ఒకటి కొట్టివేయకూడదు. 1948 నాటి నల్లగొండ జ్ఞాపకాలను ఇళ్లలో విన్న పిల్లలకు ఇది ఎందుకో చెప్పనవసరం లేదు.

ఏళ్లతో పాటు తేదీలు రాసేటప్పుడు జాగ్రత్త కావాలి. 1658లో డెన్మార్క్, స్వీడన్ రెండూ పాత జూలియన్ పంచాంగాన్నే వాడేవి. డెన్మార్క్ 1700లో, స్వీడన్ 1753లో కొత్తదానికి మారాయి. అందువల్ల రోస్కిల్డె సంధి ఒక పుస్తకంలో ఫిబ్రవరి 26న, మరొకదానిలో మార్చి 8న కనిపించవచ్చు. రెండూ సరైనవే. పాఠశాల పత్రానికి సంవత్సరం చాలు.

ఈ గీత చేతిలో ఉంటే పోటీ పరీక్షల్లో వచ్చే చిక్కు ప్రశ్నలు తేలిపోతాయి. ఖగోళ శాస్త్రవేత్త టైకో బ్రాహి 1546లో స్కోనెలోని క్నూత్‌స్తోర్ప్‌లో పుట్టాడు, 1576 తరువాత జలసంధిలోని వేన్ దీవిలో పరిశీలనశాల కట్టించాడు. ఈ రెండు చోట్లూ నేటి స్వీడన్‌లోనే ఉన్నాయి. అయినా ఆయన డెన్మార్క్ కులీనుడే, ఎందుకంటే అప్పటికి ఆ నేల డెన్మార్క్‌ది. 1499లో నిర్మాణం మొదలైన గ్లిమ్మింగెహూస్ కోట విషయమూ అంతే.

లాంఛనాన్ని చదవడం

ఇక్కడ తీరికగా ఆగాలి. మొదట లాంఛనం ఎవరిదో చూడాలి. ఆలంపురంలో నవబ్రహ్మ ఆలయాలు కట్టించిన బాదామి చాళుక్యులది వరాహ లాంఛనం. అది వంశానిది; తుంగభద్ర ఒడ్డున ఉన్న నేలది కాదు. వంశం పోగానే లాంఛనమూ పోయింది. యూరప్‌లో కూడా డాళ్ల మీది గుర్తులు మొదట యోధులకు, వంశాలకు చెందినవే. నేలకు లాంఛనం తరువాత వచ్చింది. స్వీడన్‌లో 1560లో రాజు గుస్తావ్ వాసా అంత్యక్రియల ఊరేగింపులో రాజ్యంలోని ప్రాంతాలన్నిటి పేరా పతాకాలు కావలసి వచ్చాయి. చాలా ప్రాంతాల లాంఛనాలు అప్పుడే రూపొందాయి. ఆనాటికి స్కోనె స్వీడన్‌ది కాదు కనుక ఆ వరసలో లేదు. సరిగ్గా నూరేళ్లకు, 1660లో పదవ కార్ల్ గుస్తావ్ అంత్యక్రియల కోసం స్కోనెకు లాంఛనం తయారైంది. ప్రాంతాన్ని గెలిచిన రాజు శవయాత్రలోనే ప్రాంతం మొదటిసారి తన డాలుతో నడిచింది. ఈ సంగతి తెలియనివారు ఆ గ్రిఫిన్ ఏదో స్థానిక పురాణం నుంచి వచ్చిందని ఊహించుకుంటారు.

గ్రిఫిన్ పుట్టుక బాల్టిక్ ఆవలి ఒడ్డున ఉంది. నేడు పోలండ్, జర్మనీల మధ్య పంచుకొని ఉన్న పొమెరేనియాను ఏలిన వంశపు లాంఛనం గ్రిఫిన్. ఆ వంశంలో పుట్టిన ఎరిక్ డెన్మార్క్, నార్వే, స్వీడన్ మూడింటికీ రాజయ్యాడు. ఓరెసుండ్‌లో ఓడల మీద సుంకం మొదలుపెట్టించింది ఆయనే. 1437లో ఆయన మాల్మో నగరానికి తన వంశపు గ్రిఫిన్ తలను లాంఛనంగా ప్రసాదించాడు. 1660లో స్కోనెకు గుర్తు కావలసి వచ్చినప్పుడు, ప్రాంతంలోని ప్రధాన నగరానికి అప్పటికే ఉన్న ఆ తలను రంగులు మార్చి తీసుకున్నారు. అంటే వంశం నుంచి నగరానికి, నగరం నుంచి ప్రాంతానికి, ప్రాంతం నుంచి 1997లో లేన్‌కు, ఇంకోవైపు లారీల కంపెనీకి ఆ తల చేరింది. ఈ దారిని పత్రంలో బాణాలతో చూపించండి. లాంఛనం మీద వాక్యాలు ఎన్ని రాసినా ఈ ఒక్క చిత్రం ముందు చాలవు.

ఇప్పుడు లాంఛనం నిర్వచనాన్ని చూద్దాం. మన తెలంగాణ రాజముద్రలో కాకతీయ తోరణం, చార్మినార్ ఎలా ఉండాలో బొమ్మే నిర్ణయిస్తుంది. డాలు లాంఛనాన్ని నిర్ణయించేది బొమ్మ కాదు, మాటలు. స్కోనె లాంఛనాన్ని తెలుగులో ఇలా చెప్పవచ్చు: బంగారు డాలులో తెంచిన ఎర్రని గ్రిఫిన్ తల, దానికి నీలి కిరీటం, నాలుకను వేరే రంగులో చూపేటట్టయితే అదీ నీలమే. ఈ వివరణకు లోబడి ఏ చిత్రకారుడు గీసినా అది స్కోనె లాంఛనమే. ఏ ఎరుపు, ఎంత ముదురు అన్నది నిర్వచనంలో లేదు. అందుచేత ఇంటర్నెట్‌లో దొరికిన ఒక బొమ్మను పట్టుకొని, దానితో పోలని మరొక బొమ్మను తప్పు అనకూడదు.

ఒక్కో మాటనూ విడిగా పట్టుకోవాలి. బంగారం అంటే పసుపు, వెండి అంటే తెలుపు; ఈ రెండూ లోహాలు. ఎరుపు, నీలం, ఆకుపచ్చ, నలుపు వంటివి రంగులు. లోహం మీద లోహం, రంగు మీద రంగు వేయకూడదన్నది పాత నియమం. దూరం నుంచి చూసినా గుర్తు స్పష్టంగా కనిపించాలన్నదే దాని ఉద్దేశం. ‘తెంచిన’ అంటే మెడ కింద గీటు తిన్నగా ఉండదు. చీలికలు చీలికలుగా, లాగి తెంచినట్టు ఉంటుంది. మెడను తిన్నగా కోసినట్టు గీస్తే అది వేరే నిర్వచనం కిందికి పోతుంది. గ్రిఫిన్ అంటే ముందు సగం డేగ, వెనుక సగం సింహం. స్కోనె డాలులో తల ఒక్కటే ఉంది గనుక సింహం కనిపించదు. ఆ తల డేగది కాదని చెప్పేది చెవి. మొనదేలిన చెవిని మరచిపోతే మొత్తం బొమ్మ డేగ అయిపోతుంది. గండభేరుండంతో కూడా కలపవద్దు. అది రెండు తలల పక్షి.

తల ఎటు చూడాలన్నది ఇంకొక ముఖ్యమైన సంగతి. డాలును పట్టుకున్నవాడి కుడిఎడమలే లెక్క. చూసేవారికి ఎడమగా కనిపించేది డాలుకు కుడి. గ్రిఫిన్ అటే, అంటే మన ఎడమ చేతి వైపే చూస్తుంది. కిరీటాలు కూడా రెండు రకాలు: గ్రిఫిన్ నెత్తిన ఉన్న నీలి కిరీటం లాంఛనంలో భాగం, డాలు పైఅంచు మీద విడిగా కూర్చున్న కిరీటం హోదాను చెప్పేది. 1884 నుంచి స్వీడన్ లాండ్‌స్కాప్‌లన్నీ తమ డాళ్ల పైన డ్యూక్ కిరీటం పెట్టుకోవచ్చు. లేన్ డాలు పైన రాజ కిరీటం ఉంటుంది.

మాల్మో డాలు, స్కోనె డాలు, స్కోనె లేన్ డాలు పక్కపక్కన గీయించడం మంచి అభ్యాసం. మాల్మోది వెండి డాలు, ఎర్ర తల, బంగారు కిరీటం. స్కోనెది బంగారు డాలు, ఎర్ర తల, నీలి కిరీటం. లేన్‌కు వచ్చేసరికి నేల (డాలు అంతటా పరచిన రంగు), తల రంగులు తారుమారై, ఎర్ర డాలులో బంగారు తల ఉంటుంది. మూడూ ఒకటే అనుకున్నవారు ఈ అభ్యాసం తరువాత అలా అనరు. ఎరుపు వీరత్వానికి, నీలం విశ్వాసానికి గుర్తు అనే వివరణలు మాత్రం పత్రంలో రానివ్వవద్దు. రంగుల అర్థాలు తరువాతివారు కల్పించి చెప్పుకున్నవి. నిర్వచనంలో వాటికి చోటు లేదు.

లాంఛనాలు తారుమారైన సందర్భాలు కూడా ఉన్నాయని చెప్పాలి. స్వీడన్‌లోని ఓలాండ్ దీవికి, ఫిన్లాండ్ పక్కనున్న ఆలండ్ దీవులకు చెందిన లాంఛనాలు ఒకదానికొకటి మారిపోయి, ఆ సంగతి 20వ శతాబ్దంలో గాని బయటపడలేదు. అందుకే ఒకే బొమ్మను చూసి నమ్మకుండా, నిర్వచనాన్ని వెతికి పోల్చుకునే అలవాటు పిల్లలకు నేర్పాలి.

జిరాక్స్ కోసం గీయడం

మన పాఠశాలల్లో నోట్సులన్నీ నలుపు తెలుపు జిరాక్సులుగానే చేతులు మారతాయి. రంగుల బొమ్మను జిరాక్స్ తీస్తే ఎరుపు, నీలం రెండూ ఒకే బూడిద రంగులోకి దిగిపోతాయి. దీనికి 17వ శతాబ్దంలోనే పరిష్కారం దొరికింది. పెట్రా సాంక్తా అనే జెసూట్ పండితుడు ప్రచారంలోకి తెచ్చిన పద్ధతిలో బంగారానికి చుక్కలు, వెండికి ఖాళీ, ఎరుపుకు నిలువు గీతలు, నీలానికి అడ్డగీతలు వేస్తారు. స్కోనె డాలుకు నేలంతా చుక్కలు, తల నిండా నిలువు గీతలు, కిరీటంలో అడ్డగీతలు పడాలి. ముందుగా తల చుట్టుగీతను లావుగా ముగించి, ఆ తరువాతే లోపలి గీతలు స్కేలుతో వేయాలి. చుక్కలు తలలోకి జారకుండా చివరికి మిగల్చాలి. డాలులో మూడు వంతుల ఎత్తు తలకు దక్కాలి. గుర్తు డాలును నింపాలన్నదే లాంఛనాల చిత్రకళలో పాటించే మర్యాద.

గుర్తింపు గురించి రాయడం

స్కోనె వాసులు ఎలాంటివారు అని గుణగణాలు రాయడం తేలిక, అందుకే అది వద్దు. కనిపించేవి, వినిపించేవి రాయాలి. అక్కడి మాటలో రకారం గొంతులోంచి వస్తుంది, డెన్మార్క్ వారి పలుకుకు దగ్గరగా ఉంటుంది. స్టాక్‌హోం వాసి రెండు మాటల్లోనే పోల్చుకుంటాడు. ఎర్రని నేల మీద పసుపు శిలువ ఉన్న స్కోనె జెండా ఇళ్ల ముందు ఎగురుతుంది; ఎరుపు డెన్మార్క్ జెండాలోది, పసుపు స్వీడన్ జెండాలోది. నవంబరు 10 సాయంత్రం పెద్దబాతు (గూస్) మాంసంతో విందు చేస్తారు. గుడ్లు, చక్కెర, బంగాళదుంప పిండి కలిపి నిప్పు ముందు తిప్పుతూ కాల్చే గోపురంలాంటి తీపి వంటకం వేడుకల్లో ఉంటుంది.

2000 జూలైలో తెరుచుకున్న ఓరెసుండ్ వంతెన ఈ గుర్తింపుకు కొత్త మలుపు. దాదాపు 8 కిలోమీటర్ల వంతెన, నడుమ 4 కిలోమీటర్ల కృత్రిమ దీవి, ఆపైన 4 కిలోమీటర్ల సొరంగం కలిసి మాల్మోను కోపెన్‌హేగన్‌తో ముడివేశాయి. మాల్మోలో ఇల్లు, కోపెన్‌హేగన్‌లో ఉద్యోగం అన్నవారు వేలల్లో ఉన్నారు. మరోవైపు బోస్నియా, ఇరాక్, ఇంకా ఎన్నో దేశాల నుంచి వచ్చి మాల్మోలో స్థిరపడ్డవారి పిల్లలు కూడా అదే గొంతు రకారంతో మాట్లాడతారు. మాల్మోలోని రూసెన్‌గోర్డ్ బస్తీలో పెరిగిన ఫుట్‌బాల్ ఆటగాడు జ్లాతన్ ఇబ్రహిమోవిచ్ మాట అందుకు ఉదాహరణ. స్కోనె గుర్తింపు అంటే 1658కి ముందున్న కుటుంబాలదే అని రాస్తే నేడు అక్కడ బతుకుతున్నవారిలో ఎందరినో వదిలేసినట్టవుతుంది.

ఒక గుర్తును ప్రాంతం సొంతం చేసుకుందని రాయాలంటే మూడు విషయాలు అడగాలి. దాన్ని ఎవరు వాడుతున్నారు? ఎక్కడ వాడుతున్నారు? పై అధికారం చెప్పకుండానే వాడుతున్నారా? పరాయి వంశం నుంచి వచ్చి, గెలిచిన రాజు ఊరేగింపులో అంటించిన గ్రిఫిన్ తల ఈనాడు ప్రాంతీయ సంస్థ గుర్తుల్లో, క్లబ్బుల మీద, దుకాణాల బోర్డుల మీద ఉంది. ఎక్కడ పుట్టిందన్న ప్రశ్నకు పొమెరేనియా జవాబు. ఎవరిదన్న ప్రశ్నకు నేడు స్కోనె జవాబు. రెండు జవాబులనూ పత్రంలో రెండు వేర్వేరు పేరాల్లో రాయాలి. పిల్లలతో ఇదే పరిశీలన ఇక్కడ చేయించవచ్చు: మహబూబ్‌నగర్‌లోనూ, గద్వాలలోనూ, కల్వకుర్తిలోనూ పాలమూరు అనే మాట ఏ బోర్డుల మీద ఉందో రాసుకొని రమ్మనండి. ప్రభుత్వ బోర్డులను ఒక వరసలో, హోటళ్లు, సంఘాలు, ఆటో స్టాండ్ల బోర్డులను మరో వరసలో పెట్టించండి.

ఇక స్కానియా కంపెనీ గుర్తును లాంఛనానికి ఆధారంగా చూపకూడదు. ఆ కంపెనీ ప్రధాన కార్యాలయం చాలా కాలంగా స్టాక్‌హోం దగ్గరి సోదెర్‌తాల్యెలో ఉంది. అది స్కోనెలో లేదు. 1969లో సాబ్ కంపెనీతో కలిశాక కార్ల మీదకూ గ్రిఫిన్ ఎక్కింది. ఇది గుర్తు ప్రయాణంలో చివరి మజిలీగా పనికివస్తుంది, అంతే.

తరువాతి ప్రాంతానికి వెళ్లేటప్పుడు

హాల్లాండ్, బ్లెకింగెలకు ఇదే వరస సరిపోతుంది, ఎందుకంటే వాటి ఏలికల గీత కూడా 17వ శతాబ్దంలోనే మారింది. హాల్లాండ్‌ది నీలి డాలులో వెండి సింహం. బ్లెకింగెది నీలి డాలులో మూడు కిరీటాలు తొడిగిన బంగారు ఓక్ చెట్టు. మధ్య స్వీడన్‌లోని డాలర్నాను తీసుకుంటే మాత్రం వరస మార్చాలి. అక్కడ ఏలిక చేతులు మారలేదు; కాబట్టి నేలతోనే ఎక్కువసేపు ఉండాలి. సుమారు 38 కోట్ల ఏళ్ల కిందట ఉల్క పడి ఏర్పడిన వలయం అంచున సిల్యాన్ సరస్సు, శతాబ్దాల పాటు రాగి తవ్వి 1992లో మూసిన ఫాలున్ గని, ఆ గని మట్టి నుంచి వచ్చి స్వీడన్ పల్లె ఇళ్లకు పూసే ఎర్ర రంగు ముందు రావాలి. 1520-21లో గుస్తావ్ వాసా అక్కడి జనాన్ని కూడగట్టిన తిరుగుబాటు ఆ తరువాత. లాంఛనం నీలి డాలులో కత్తెర వేసిన రెండు బంగారు బాణాలు, పైన కిరీటం. దాన్ని మధ్య స్వీడన్‌లోనే ఉన్న నార్కె డాలుతో తప్పక పోల్చి గీయించండి. అక్కడా కత్తెర వేసిన బంగారు బాణాలే ఉంటాయి, కాని నేల ఎరుపు, చుట్టూ నాలుగు వెండి గులాబీలు. జిరాక్స్ గీతల్లో ఒకదానికి అడ్డగీతలు, మరొకదానికి నిలువు గీతలు పడాలి.